నొప్పి అంటే నమ్మండి



మా సంఘములోని ఒక సోదరి తన తొమ్మిదేళ్ల పాపతో హైదరాబాదులో ఒక ఆసుపత్రిలో ఉన్నప్పుడు చూడటానికి వెళ్ళాము. పాప తల వెనుక భాగములో కణితి ఉంటే ఆపరేషన్ చేసి తీశారు. ఆ రోజు మూడవ రోజు. తలకు కట్టు, చేతికి సెలైను. పాప సన్నగా మూలుగుతోంది. మేము మంచం ప్రక్కన నిలబడి, "నీవు ధైర్యముగల బిడ్డవు కదమ్మా, ఏడవకూడదు" అన్నాము. పాప మూలుగు ఆపింది. మా మాట పనిచేసిందని సంతోషించి, ప్రార్థన చేసి వచ్చేశాము.

మరునాడు వెళితే ఆ సోదరి మమ్మును వరండాలోనికి పిలిచి మెల్లగా చెప్పింది. "అయ్యగారూ, రాత్రంతా పాప దుప్పటి అంచు పళ్ళతో కొరుకుతూ పడుకుంది. నొప్పిగా ఉందా అని సిస్టరు అడిగితే లేదని తల ఊపింది. తెల్లవారుజామున నేను బ్రతిమాలితే, 'చెబితే అయ్యగారు ధైర్యం లేదనుకుంటారు' అంది."

మాకు నోట మాట రాలేదు. నొప్పి ఎక్కువైతే ఇవ్వమని డాక్టరు వ్రాసిన మందు అక్కడే ఉన్నది. మా ఒక్క మాట వలన ఆ బిడ్డ దానిని అడగలేకపోయింది. లోపలికి వెళ్ళి, "తప్పు మాదేనమ్మా, నొప్పి పుడితే చెప్పాలి, ఏడుపు వస్తే ఏడవాలి" అని పాపతో చెప్పాము.

ఇటువంటి తప్పు మేమొక్కరమే చేయలేదు. 1980ల వరకు, పసికందులకు నొప్పి అంతగా తెలియదని తలచి చాలా దేశాలలో చాలినంత మత్తు ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసేవారు. తగినంత మత్తు ఇచ్చిన శిశువులు ఆపరేషన్ తరువాత మెరుగ్గా కోలుకుంటారని 1987లో మన దేశములో వైద్యము చదివిన డాక్టరు కె. జె. ఎస్. ఆనంద్, ఆయన తోటివారు చూపించారు. బిడ్డ బాధను పెద్దలు నమ్మటానికి అంత కాలము పట్టింది.

మెదడుకు స్వయముగా నొప్పి తెలియదు. నొప్పి కలిగేది తల చర్మములో, కండరాలలో, మెదడును కప్పిన పొరలలో. తల వెనుక కోస్తే మెడ తిప్పినప్పుడు నొప్పి. కణత దగ్గర కోస్తే నమలటం కష్టము. "ఎందుకు తినవు?" అని గద్దించక జావ, మెత్తని అన్నము పెట్టండి.

ఆ వార్డు సిస్టరు ఒక అట్ట తెచ్చి చూపించింది. దానిపై ఆరు ముఖాలు: నవ్వే ముఖము సున్న, కన్నీరు కార్చే ముఖము పది. 1980లలో అమెరికాలో డోనా వాంగ్ అనే నర్సు, కోనీ బేకర్ అనే సహోదరి కలిసి పిల్లల కొరకు దీనిని తయారుచేశారు. నీ నొప్పి ఏ ముఖమని అడిగితే పాప వేలు పెట్టి చూపేది. తల్లి ఒక నోటుపుస్తకములో వేళ, ముఖము అంకె, ఇచ్చిన మందు, గంట తరువాత అంకె వ్రాసుకున్నది. నాలుగు రోజులకే ఒక సంగతి తేలింది. ఉదయము కట్టు మార్చే వేళకు నొప్పి ఎనిమిదికి చేరుతోంది. డాక్టరుగారు ఆ పుస్తకము చూసి, మందు ముందుగానే ఇమ్మన్నారు. ఆ తరువాత కట్టు మార్చేటప్పుడు పాప తల్లి చేయి పట్టుకుని ఊరుకునేది.

తల వెనుక ఆపరేషన్ అయిన కొందరు పిల్లలకు ఒకటి రెండు రోజులలో మాట పడిపోవచ్చు. అది మొండితనము కాదు. వారాలకో నెలలకో చాలామందికి మాట మెల్లగా తిరిగి వస్తుంది. ఆలోగా ముడిపడిన నొసలు, ముడుచుకున్న కాళ్ళు, బిగిసిన పిడికిలి చూసి తల్లే ఆ బిడ్డకు నోరు కావాలి.

నొప్పి రోజురోజుకు తగ్గాలి. తగ్గక పెరుగుతుంటే, మాటిమాటికి వాంతులైతే, లేపినా లేవనంత మగతగా ఉంటే, జ్వరము, మూర్ఛ వచ్చినా, గాయము నుండి గాని ముక్కు నుండి గాని నీరు కారినా, తెల్లవారనిద్దామని ఆగవద్దు. వెంటనే ఆసుపత్రికి తీసుకొని వెళ్ళండి. ఇంట్లో ఉన్న బిళ్ళలు సొంతముగా వేయవద్దు. ఆస్పిరిన్ అసలే వద్దు.

చూడవచ్చే మాబోటి వారికి కూడా ఒక మాట. వెలుతురు, శబ్దము ఆ తలకు భారము. పదిమంది గుంపుగా వెళ్ళి పెద్దగా పాడి ప్రార్థించే అలవాటు మనకున్నది. ఇద్దరు వెళ్ళండి, మెల్లగా ప్రార్థించండి, త్వరగా రండి. ఆ తల్లికి ఒక గంట నిద్ర దొరికేలా కూర్చొనగలిగితే మరీ మంచిది.

నొప్పి ఉన్నదని ఒప్పుకుంటే విశ్వాసము తగ్గినట్లని కొందరు తలుస్తారు. గెత్సేమనే తోటలో మన ప్రభువు తన వేదనను దాచుకొనలేదు. స్నేహితులతో చెప్పి, తనతో మెలకువగా ఉండమని అడిగాడు. వారు నిద్రపోయారు.

ఆ పాప ఇప్పుడు సండే స్కూలుకు వస్తోంది. కొన్ని రోజులు ఇంకా తలనొప్పి వస్తుంది. అప్పుడు పాట మధ్యలోనే లేచి తల్లి దగ్గరకు వెళ్ళి నాలుగు వేళ్ళు చూపిస్తుంది. తల్లి ఏమీ అడగదు. చేయి పట్టుకుని బయట వేపచెట్టు నీడకు తీసుకొని వెళ్తుంది. మేము పాట ఆపము, పాపను పిలువము. మీ బిడ్డ చూపే వేళ్ళను మీరు కూడా నమ్మండి.