గర్భసంచి తీయించే ముందు...

నెలసరి వచ్చి వారం దాటినా ఆగదు. గడ్డలు గడ్డలుగా పోతుంటుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. అయినా చాలామంది ఇల్లాళ్లు 'ముట్లుడిగే వయసు కదా, ఇలాగే ఉంటుందిలే' అని సరిపెట్టుకుంటారు. ఓపిక నశించాక 'పిల్లలు పుట్టేశారుగా, గర్భసంచి తీయించేసుకో, పీడా పోతుంది' అన్న సలహా వింటారు. ఈ రెండూ పొరపాట్లే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తమ్మీద నూటికి ముగ్గురు. ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది, తెలంగాణలో సుమారు ఎనిమిదిమంది! వీరిలో ఎక్కువమంది చెప్పే కారణం అధిక రక్తస్రావమే. నిజానికి రక్తస్రావం ఒక లక్షణమే. అసలు జబ్బు దాని వెనక ఉంటుంది.

ఎప్పుడు అనుమానించాలి?

నెలసరి 24 నుంచి 38 రోజులకోసారి వచ్చి, ఎనిమిది రోజుల్లోపు ఆగిపోతే మామూలే. అంతకంటే ఎక్కువ రోజులు సాగినా, గంటకో రెండు గంటలకో ప్యాడ్ మార్చాల్సి వస్తున్నా, రెండు నెలసరుల మధ్యలో గానీ కలయిక తర్వాత గానీ రక్తం కనిపించినా డాక్టరును కలవాలి.

వయసును బట్టి కారణం

రజస్వల అయిన తొలి ఏళ్లలో అండం సరిగా విడుదల కాక నెలసరి గతి తప్పటం సహజం. కానీ మొదటిసారి నుంచే విపరీతంగా పోతుంటే రక్తం గడ్డకట్టే గుణంలో లోపముందేమో చూడాలి.

పిల్లలు పుట్టే వయసులో ముందుగా గర్భం ఉందేమో పరీక్షించాలి. గర్భస్రావమైనా, ట్యూబులో గర్భం నిలిచినా రక్తస్రావమవుతుంది. ఆ తర్వాత అండాశయాల్లో నీటితిత్తులు, థైరాయిడ్ లోపం, కాపర్-టీ, రక్తాన్ని పలుచన చేసే మందులు వంటివి చూస్తారు.

ముప్ఫై, నలభైల్లో ఫైబ్రాయిడ్ గడ్డలు, లోపలి పొరలో పిలకల్లా పెరిగే పాలిప్స్, గర్భసంచి గోడ ఉబ్బిపోయే అడినోమయోసిస్ ఎక్కువ. ఒళ్లు, షుగరు ఉన్నవారిలో లోపొర మందంగా పెరిగే ప్రమాదమూ ఉంది.

ఇక ముట్లుడిగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా ఉపేక్షించకూడదు. చాలాసార్లు కారణం చిన్నదే అయినా, క్యాన్సర్ లేదని ముందు తేల్చుకోవాలి.

అన్నిటికీ ఆపరేషనేనా?

కాదు. హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు, స్కానింగ్, అవసరమైతే లోపొర ముక్క తీసి చేసే బయాప్సీతో చాలావరకు కారణం తెలిసిపోతుంది. థైరాయిడ్ లోపానికి మాత్ర చాలు. పాలిప్ ఉంటే దాన్నొక్కదాన్నే తీయొచ్చు. రక్తస్రావం తగ్గించే మాత్రలు, హార్మోను విడుదల చేసే లూప్ కూడా ఉన్నాయి. క్యాన్సర్ ఉన్నప్పుడు, మిగతా చికిత్సలేవీ పనిచేయనప్పుడు గర్భసంచి తీయటం తప్పకపోవచ్చు. అయితే దాంతోపాటు అండాశయాలూ తీసేస్తే ముట్లుడిగే ఇబ్బందులు ఒక్కసారిగా మీదపడతాయి. ఎముకలూ త్వరగా గుల్లబారతాయి.

అందుకే సంతకం పెట్టేముందు మూడు ప్రశ్నలు అడగాలి. కారణం ఏమిటి? మందులతో తగ్గదా? అండాశయాలు ఉంచుతారా? నెలసరి తేదీలు క్యాలెండర్‌లో గుర్తుపెట్టి వెంట తీసుకెళ్తే డాక్టరుకూ సగం పని తేలికవుతుంది.