పక్షి విశేషము

"మాస్టారూ, మళ్ళీ గోరువంకేనా?" అని మొన్న ఒక మిత్రుడు నవ్వుతూ అడిగారు. పక్షుల చిత్రాలు తీసి ఒకరికొకరం పంపుకొనే పదిమందిమి మేము. మిగిలినవారు కెమెరా భుజాన వేసుకొని చిలికా సరస్సు దాకా వెళ్ళి వస్తారు. నేను హరిశ్చంద్రపురంలో మా పెరటి అరుగు దిగను. మోకాళ్ళ నొప్పి ఒక కారణమే గాని, అసలు కారణం వేరే ఉంది. అది చెప్పుకోవడానికే ఈ నాలుగు మాటలు.

ముప్ఫై ఏళ్ళకు పైగా తెలుగు పాఠం చెప్పినవాణ్ణి. పద్యంలో పక్షి పేరు వచ్చినప్పుడల్లా ప్రతిపదార్థంలో "ఒక పక్షి విశేషము" అని చెప్పి ముందుకు సాగిపోయేవాణ్ణి. మా గురువులు నాకు అలాగే చెప్పారు, నేను నా పిల్లలకు అలాగే చెప్పాను. ఒకసారి ఒక కుర్రవాడు లేచి, "చాతకం మన ఊళ్ళో ఉంటుందా మాస్టారూ?" అని అడిగాడు. "అది కవిసమయంరా, కూర్చో" అన్నాను. వాడు కూర్చున్నాడు.

పదవీ విరమణ తరువాత మా అబ్బాయి కెమెరా కొనిచ్చాడు. ఒక ఏడాది తొలకరి జల్లు పడిన మరునాడు మా మునగచెట్టు మీద నలుపు తెలుపుల పక్షి ఒకటి వాలింది. తలమీద కుచ్చు, పొడవైన తోక. చిత్రం తీసి మిత్రులకు పంపాను. "ఇదే చాతకం, మాస్టారూ" అని జవాబు వచ్చింది. కోకిల కుటుంబానికి చెందిన పక్షి. తినేది గొంగళిపురుగులను, గుడ్లు పెట్టేది పరాయి పక్షుల గూళ్ళలో. చినుకులు తాగి బతుకుతుందన్నది కవుల మాట. ఇన్నేళ్ళూ నేను పాఠం చెబుతూ ఉంటే అది కిటికీ అవతల కూస్తూనే ఉండి ఉంటుంది. ఆనాడు కూర్చోబెట్టిన పిల్లవాడు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

ఇంతకంటె బాధపెట్టిన సంగతి మరొకటి ఉంది. మా చెల్లెలి అత్తవారి ఊరు ఉద్దానంలో ఉంది. ఆ పెరటి కొబ్బరిచెట్టుకు ఏటా గిజిగాడి గూళ్ళు వేలాడేవి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానం కొబ్బరి, జీడి తోటలు నేలమట్టమయ్యాయి. ఆ చెట్టూ పోయింది. పరామర్శకు వెళ్ళినప్పుడు చెల్లెలు, "అన్నయ్యా, ఆ గూళ్ళ ఫొటో నీ దగ్గర ఉందా? మనవలకు చూపిద్దామని" అంది. నా దగ్గర తేలినీలాపురం గూడబాతుల చిత్రాలు వందలకొద్దీ ఉన్నాయి. ఆ గిజిగాడి గూటి చిత్రం ఒక్కటీ లేదు. ఎప్పుడూ ఉండేదే కదా, ఎప్పుడైనా తీయవచ్చులే అనుకున్నాను. ఎప్పుడూ ఉంటుందన్న ధీమా వల్లనే దాన్ని పోగొట్టుకున్నాను.

నా అభిప్రాయం ఇంతే. అరుదైన పక్షికి సాక్షులు చాలామంది ఉంటారు. సామాన్యమైన పక్షికే సాక్షి ఉండడు. దసరానాడు మనం వెతుక్కొని మరీ దర్శించే పాలపిట్టనే చూడండి. అది తగ్గిపోతుందని ఎవరనుకున్నారు? దేశంలోని పక్షుల స్థితిపై 2023లో వెలువడిన నివేదిక, బాగా తగ్గుతున్న పక్షుల్లో దాన్నీ చేర్చింది. ఆ లెక్క తేలింది మనవంటి వేలాది సామాన్యులు ఎక్కడ, ఏనాడు, ఏ పక్షిని చూశారో రాసి పెట్టినందువల్లనే. కాకిని చూసినా రాసినవాళ్ళు ఉన్నందువల్లనే.

అందుకే మిత్రులకు నా విన్నపం. చిత్రం పంపేటప్పుడు "ఎంత బాగుందో!" అని ఊరుకోకండి. ఊరు, తేది రాయండి. మీ ఊళ్ళో ఆ పక్షిని ఏమంటారో తప్పక రాయండి. పేరు చిన్న విషయం కాదు. థామస్ జెర్డన్ అనే ఆంగ్ల వైద్యుడు 1862-64 మధ్య వెలువరించిన భారతదేశ పక్షుల గ్రంథంలో తెలుగు పేర్లను కూడా ఓపికగా చేర్చాడు. తెలుగు పండితుణ్ణయిన నేను ఆ పని చేయలేదు. అంతరించిందనుకున్న కలివికోడి 1986లో కడప జిల్లాలో మళ్ళీ దొరికిందంటే, దాన్ని ఎరిగిన అక్కడి మనుషుల వల్లనే. పేరు తప్పితే తెలివీ తప్పుతుంది. తేలినీలాపురం వచ్చే గూడబాతులను మనవాళ్ళు సైబీరియా పక్షులంటారు. అవి దక్షిణాసియాలోనే పుట్టి పెరిగే పక్షులు. దూరదేశపు చుట్టాలనుకొని మురిసిపోతున్నాం గాని, అవి మనవేనని, మనం కాపాడకపోతే మరెవరూ కాపాడరని గ్రహించడం లేదు.

ఒక్క హెచ్చరిక. గూటిలో గుడ్లున్నప్పుడు, పిల్లలున్నప్పుడు దగ్గరకు పోకండి. చిత్రం కోసం కొమ్మలు తొలగిస్తే తరువాత వచ్చేది కాకి. నేను ఒకసారి మునగకొమ్మ వంచి పిగిలిపిట్ట గూడు తీశాను. చిత్రం చక్కగా వచ్చింది. మరునాటికి గూడు ఖాళీ. ఆ చిత్రం ఎవరికీ పంపలేదు.

ఈ ఉదయం మా దండెం మీద నల్లని పిట్ట ఒకటి వాలింది. తోక చివర రెండుగా చీలి ఉంటుంది. పశువుల వీపులమీద స్వారీ చేస్తుంది, కాకిని సైతం తరుముతుంది. కొన్నిచోట్ల పసులపోలిగాడంటారు, కొన్నిచోట్ల ఏట్రింత అంటారు. మీ ఊళ్ళో ఏమంటారు? తెలియకపోతే పొలానికి పోయే పెద్దవాళ్ళను అడిగి చెప్పండి. చిత్రం కింద రాసుకుంటాను. "ఒక పక్షి విశేషము" అని మాత్రం ఇక రాయను.