మస్టరులో పేరు లేకపోతే మనిషే లేడా?



హిట్లర్ గురించి మనవాళ్ళలోనే కొందరు ఒక మాట అంటున్నారు. "ఆయన అంత చెడ్డవాడేమీ కాదట. 60 లక్షల మంది యూదులను చంపించాడన్నది గిట్టనివాళ్ళు అల్లిన కథట. దేశాన్ని దారిలో పెట్టిన మొనగాడట." ఈ "అట"లు ఎవరు పుట్టిస్తున్నారు, ఎందుకు పుట్టిస్తున్నారు అన్నది మిల్లు కార్మికులకు పట్టని సంగతని ఎవరైనా అనుకుంటే అది సరికాదు. ఇది మన సంగతే అని మేము చెప్పదలిచాము.

ముందు జరిగిందేమిటో చూద్దాం. పోలండులో లోడ్జ్ అనే నగరం ఉంది. మన షోలాపూర్, భివండీల మాదిరే బట్ట మీద బతికిన ఊరు. యుద్ధానికి ముందు అక్కడి జనంలో దాదాపు మూడో వంతు యూదులు. మిల్లు యజమానులూ వాళ్ళలో ఉన్నారు, నేతగాళ్ళూ దర్జీలూ వేలల్లో ఉన్నారు. 1939 సెప్టెంబరులో జర్మన్ సైన్యం ఆ ఊరిని పట్టుకుంది. 1940 ఏప్రిల్ 30 నాటికి సుమారు 1,60,000 మంది యూదులను ఊళ్ళో ఒక మూలకు తోసి, కంచె వేసి, కాపలా పెట్టింది. అర్ధాకలితో ఉంచి, వాళ్ళ చేత జర్మన్ సైనికులకు యూనిఫారాలు కుట్టించింది.

1942 జనవరి నుంచి వాళ్ళను విడతలుగా చెల్మ్నోకు తరలించి, మూసిన లారీల్లోకి ఇంజను పొగ వదిలి చంపారు. ఆ సెప్టెంబరులో పదేళ్ళలోపు పిల్లలనూ, 65 దాటిన ముసలివాళ్ళనూ, జబ్బు మనుషులనూ ఏరి 15,000 మందికి పైగా పంపించారు. పని చేయలేని చేతులు వాళ్ళకు అక్కరలేదు. పని చేసే చేతులకు 1944 ఆగస్టులో గడువు తీరింది. మిగిలిన 60,000 మందికి పైగా జనాన్ని రైళ్ళలో ఆష్విట్జ్ శిబిరానికి తోలారు. 1945 జనవరిలో సోవియట్ సైన్యం వచ్చేసరికి ఆ వాడలో 900 మంది కూడా మిగల్లేదు.

ఆ వాడలో హెన్రిక్ రాస్ అనే ఫోటోగ్రాఫర్ ఉండేవాడు. గుర్తింపు కార్డులకు ఫోటోలు తీయడం అతని ఉద్యోగం. ప్రాణాలకు తెగించి ఆకలినీ, చావునీ, జనాన్ని రైలెక్కించడాన్నీ చాటుగా తీశాడు. 1944లో ఆ నెగటివులను భూమిలో పాతాడు, మరుసటి ఏడు తవ్వి తీశాడు. రేపటివాళ్ళకు రుజువు మిగలాలనే ఆ పని చేశాడు.

ఇంత రుజువున్నా కాదనేవాళ్ళు బయలుదేరారు. వాళ్ళు తిన్నగా "జరగలేదు" అనరు. "ప్రశ్న అడగడం కూడా తప్పేనా?" అంటారు. మంచిదే, ప్రశ్నలు చూద్దాం.

"హిట్లర్ సంతకం చేసిన ఆర్డరు ఏదీ?" అంటారు. దొంగ తన దొంగతనానికి రసీదు రాస్తాడా? ఇది ఎప్పటికీ రాయబడని చరిత్ర అని 1943 అక్టోబరులో హిమ్లర్ తన అధికారులకు స్వయంగా చెప్పాడు. 1942 నుంచే గోతులు తవ్వి శవాలను బయటికి తీసి కాల్చి, ఆనవాళ్ళు చెరిపే పని మొదలుపెట్టారు. అయినా కాగితాలు మిగిలాయి. 1943 జనవరి 11న హోఫ్లె అనే నాజీ అధికారి పంపిన రహస్య సందేశాన్ని బ్రిటిష్‌వాళ్ళు మధ్యలో పట్టుకున్నారు. దాని అర్థం 2000లో గాని బయటపడలేదు. 1942 చివరి వరకు నాలుగు శిబిరాలకు చేరిన యూదులు 12,74,166 మంది అని అందులో ఉంది. గోదాములో బేళ్ళు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టారు.

"ఆష్విట్జ్‌లో 40 లక్షలు అన్నారు, ఇప్పుడు 11 లక్షలే అంటున్నారు, మరి 60 లక్షలు ఎక్కడివి?" అన్నది రెండో ప్రశ్న. ఆ 40 లక్షలు యుద్ధం ముగిశాక సోవియట్‌వాళ్ళు చెప్పిన అంకె. 60 లక్షల మొత్తం దాని మీద ఆధారపడింది కాదు. రౌల్ హిల్బర్గ్ అనే చరిత్రకారుడు 1961లోనే ఆష్విట్జ్‌లో చనిపోయిన యూదులు దాదాపు 10 లక్షలని, మొత్తం 51 లక్షలని లెక్క కట్టాడు. తర్వాతివాళ్ళ లెక్కలు 60 లక్షలకు దగ్గరగా వచ్చాయి. తప్పు అంకెను దిద్దింది చరిత్రకారులే. ఆ దిద్దుబాటును చూపించి అసలు సంగతినే కొట్టేయాలని చూసేది వీళ్ళు.

ఇది కోర్టులోనూ తేలింది. డేవిడ్ ఇర్వింగ్ అనే ఇంగ్లీషు రచయిత, తనను ఇలాంటివాడని రాసినందుకు డెబోరా లిప్‌స్టాట్ అనే ఆచార్యురాలి మీద లండన్‌లో పరువునష్టం దావా వేశాడు. రిచర్డ్ ఎవాన్స్ అనే చరిత్రకారుడు ఇర్వింగ్ రాతలను మూలపత్రాలతో పక్కపక్కన పెట్టి చూశాడు. తప్పులన్నీ హిట్లర్‌కు మేలు చేసే వైపే ఉన్నాయి. 2000 ఏప్రిల్ 11న జడ్జి చార్లెస్ గ్రే దావా కొట్టేశాడు. కావాలనే సాక్ష్యాన్ని వక్రీకరించాడని తీర్పు చెప్పాడు. మనకు ఇందులో కొత్తేముంది? పగారు చీటీలో గుమస్తా ఒకసారి పది రూపాయలు తక్కువ వేస్తే పొరపాటు. ప్రతి నెలా తక్కువే పడి, ఒక్కసారైనా ఎక్కువ పడకపోతే దాన్ని ఏమంటాం?

మిల్లులో బద్లీ కార్మికుడు ప్రమాదంలో పోతే ఎలాంటి మాటలు వస్తాయో మనకు తెలుసు. "మస్టరులో పేరు లేదు." పేరు ఎక్కించనిది ఎవరు? పేరు చూపిస్తే "ఆ షిఫ్టులో లేడు." షిఫ్టు చూపిస్తే "తప్పు అతనిదే." ఒక్కొక్క జవాబుకూ ఒక్కొక్క కొత్త అడ్డంకి. ఒక ప్రమాదమూ ఒక జాతి నిర్మూలనా సమానమని మేము అనడం లేదు. ఎంతమాత్రం కావు. వాదించే తీరు మాత్రం ఒక్కటే. తేల్చుకోవడం వాళ్ళకు ఇష్టం లేదు, నానబెట్టడమే కావాలి.

ఇక ఆ "మొనగాడు" కార్మికులకు ఏం చేశాడు? 1933 మే 1న సెలవు ఇచ్చి, కార్మికులను జెండాలతో ఊరేగించాడు. మర్నాడే, మే 2న, జర్మనీ అంతటా యూనియన్ ఆఫీసులను ఆక్రమించి నాయకులను జైళ్ళలో వేయించాడు. నిధులు జప్తయ్యాయి. సమ్మె హక్కు పోయింది. యూనియన్లు పోయాక ఎదురు నిలిచే చేయి ఒకటి తగ్గింది. ఆ పాలనను కడిగి తెల్లగా చూపించాలనుకునేవాడికి మన మేలు ఎందుకు పడుతుంది?

అడిగిన ప్రతివాడినీ దొంగ అనకండి. తెలియక అడిగే కుర్రవాడు ఉంటాడు. పక్కన కూర్చోబెట్టుకొని ఓపికగా చెప్పండి. జవాబు విని ఆలోచనలో పడితే వాడు మనవాడు. జవాబు వినకుండానే తర్వాతి ప్రశ్నకు దూకేవాడితో గంటలు గడపకండి, పక్కన వింటున్నవాళ్ళకు నిజం చెప్పి లేవండి. ఎందుకు జరిగింది, ఎవరు చూస్తూ ఊరుకున్నారు అన్న చర్చ చేద్దాం. జరిగిందా లేదా అన్నదానికి రెండు పక్షాలు లేవు.

మరొక్క మాట. మన దగ్గర జరిగినవాటికీ రుజువు మనమే దాచుకోవాలి. ప్రమాదం జరిగిన రోజే తేదీ, షిఫ్టు, మనిషి పేరు, చూసినవాళ్ళ పేర్లు యూనియన్ పుస్తకంలో రాయించండి. మస్టరు వాళ్ళ చేతిలో ఉంది. ఆ పుస్తకం మన చేతిలో ఉండాలి.