నాడు వేలిముద్ర.. నేడు ఓటీపీ! భద్రాచలం ఏజెన్సీ నేర్పిన పాఠం గుర్తుందా?

ఫోన్‌కు ఓటీపీ వస్తుంది.. ఎదుటివాళ్లు అడుగుతారు.. మనం చెప్పేస్తాం. ఆస్పత్రిలో ఓపీ చీటీకైనా, సిమ్ కార్డుకైనా, బ్యాంకు పనికైనా రోజూ జరిగేది ఇదే. ఆ నాలుగు అంకెలో ఆరు అంకెలో చెప్పామంటే మన వివరాలు తీసుకోవడానికి ఒప్పుకున్నట్టే లెక్క. మరి దేనికి ఒప్పుకున్నామో మనలో ఎంతమందికి తెలుసు?

ఆరోగ్య వివరాల విషయంలో ఈ ప్రశ్న మరీ ముఖ్యం. ఎందుకంటే పాస్‌వర్డ్ పోతే మార్చుకోవచ్చు, రక్త పరీక్ష ఫలితాన్ని మార్చుకోలేం. ఒప్పుకోలు సరిగ్గా తీసుకోకపోతే ఏమవుతుందో దేశానికి చూపించిన ఘటన ఒకటి ఖమ్మం–భద్రాచలం అడవుల్లోనే జరిగింది. ఆస్పత్రుల రికార్డులన్నీ ఆన్‌లైన్‌కు మారుతున్న ఈ టైమ్‌లో దాన్ని ఒకసారి గుర్తు చేసుకోవాల్సిందే.

2009లో అసలేం జరిగింది?

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన కారణం హెచ్‌పీవీ అనే వైరస్. దీన్ని అడ్డుకునే టీకాపై 2009 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో ఓ ప్రాజెక్టు మొదలైంది. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల లోపు ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి టీకా వేశారు. అమెరికాకు చెందిన పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), రాష్ట్ర ప్రభుత్వం కలిసి నడిపిన కార్యక్రమం ఇది. గేట్స్ ఫౌండేషన్ నిధులు ఇచ్చింది. ఇక్కడ మెర్క్ కంపెనీ టీకా గార్డాసిల్ వాడితే, గుజరాత్‌లోని వడోదరలో జీఎస్‌కే కంపెనీ టీకా సెర్వారిక్స్ వాడారు.

కొన్ని నెలలకే వివాదం మొదలైంది. టీకా వేసుకున్న పిల్లల్లో రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు చనిపోయారన్న విషయం బయటికొచ్చింది. మహిళా సంఘాలు, ఆరోగ్య కార్యకర్తలు భద్రాచలం వచ్చి తల్లిదండ్రులతో మాట్లాడారు. చివరికి 2010 ఏప్రిల్‌లో కేంద్రం ప్రాజెక్టును ఆపేసింది.

ఇక్కడ ఓ విషయం క్లియర్‌గా చెప్పుకోవాలి. ఆ మరణాలకు టీకాయే కారణమని విచారణల్లో తేలలేదు. నీట మునగడం, పాముకాటు, పురుగుల మందు లాంటి కారణాలు బయటపడ్డాయి. హెచ్‌పీవీ టీకాను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేస్తోంది, చాలా దేశాల్లో స్కూలు పిల్లలకు వేస్తున్నారు. సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారు చేసిన సెర్వావ్యాక్ 2023లో మన దేశంలోనూ అందుబాటులోకి వచ్చింది. కాబట్టి 2009 నాటి కథను చూపించి టీకా వద్దనడం తప్పు.

అసలు దెబ్బ సంతకం దగ్గరే!

మరి తప్పు ఎక్కడ జరిగింది? కేంద్రం వేసిన విచారణ కమిటీ ఒప్పుకోలు పత్రాలు తిరగేస్తే బండారం బయటపడింది. ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 పత్రాల్లో 1,948 పత్రాలపై వేలిముద్రలే ఉన్నాయి. 2,763 పత్రాలపై హాస్టల్ వార్డెన్లు సంతకాలు పెట్టారు. అంటే ప్రతి పదింటిలో దాదాపు మూడు పత్రాలపై తల్లీ తండ్రీ లేరు, వార్డెన్ ఉన్నారు.

ఏజెన్సీ తెలిసినవాళ్లకు ఇది ఎలా జరిగిందో విడమర్చి చెప్పక్కర్లేదు. పిల్లలు ఆశ్రమ పాఠశాలలో ఉంటారు. అమ్మానాన్నలు ఎక్కడో గూడెంలో, పోడు దగ్గర ఉంటారు. ఒక్కొక్కరి ఇంటికీ వెళ్లి, వాళ్ల భాషలో చెప్పి, డౌట్లు తీర్చి సంతకం తీసుకోవాలంటే రోజులు పడుతుంది. వార్డెన్ చేత పెట్టిస్తే గంటలో అయిపోతుంది. గంటలో అయిపోయే దారినే ఎంచుకున్నారు.

2013 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం తన 72వ నివేదికలో ఈ ప్రాజెక్టును తీవ్రంగా తప్పుబట్టింది. ఇది క్లినికల్ ట్రయల్ కాదని, అప్పటికే అనుమతి పొందిన టీకాను పరిశీలన కోసం మాత్రమే వేశామని పాత్ వాదించింది. వ్యవహారం సుప్రీంకోర్టుకూ వెళ్లింది. పార్లమెంటరీ కమిటీల నివేదికలను కోర్టులు పరిశీలించవచ్చని 2018 మేలో రాజ్యాంగ ధర్మాసనం ఇచ్చిన తీర్పు ఈ కేసులోనిదే.

నష్టం మాత్రం టీకాకే జరిగింది. సంతకం దగ్గర చేసిన తొందరపాటు వల్ల, క్యాన్సర్ నుంచి కాపాడే టీకా మీద ఏళ్ల తరబడి అనుమానం మిగిలిపోయింది.

ఇప్పుడు కాగితం పోయింది.. స్క్రీన్ వచ్చింది

ఇవాళ ఆ పత్రాల స్థానంలో యాప్‌లు వచ్చాయి. 2021 సెప్టెంబర్‌లో మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద 14 అంకెల ఆభా నంబర్ ఇస్తున్నారు. 2022 మార్చిలో తెలంగాణ ప్రభుత్వం పక్కనే ఉన్న ములుగుతో పాటు రాజన్న సిరిసిల్ల జిల్లాలో హెల్త్ ప్రొఫైల్ పైలట్ ప్రాజెక్టు చేపట్టింది. పిల్లల టీకాల వివరాలు యూ-విన్‌లో ఎక్కుతున్నాయి.

వీటిలో ఏజెన్సీకి బాగా దగ్గరైనది సికిల్ సెల్ మిషన్. 2023 జులై 1న మధ్యప్రదేశ్‌లోని షహ్‌డోల్‌లో ప్రారంభించారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సహా 17 రాష్ట్రాల్లో, గిరిజనులు ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలన్నది టార్గెట్.

ఇది మంచి పనే, అందులో డౌట్ లేదు. సికిల్ సెల్ తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వచ్చే రక్త సంబంధ వ్యాధి. తల్లి, తండ్రి ఇద్దరికీ ఆ లక్షణం ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు. ముందే తెలిస్తే జాగ్రత్త పడొచ్చు, వైద్యం చేయించుకోవచ్చు. అందుకే పరీక్ష చేశాక పెళ్లికి ముందు చూసుకునేలా కార్డులు కూడా ఇస్తున్నారు.

అయితే ఈ ఒక్క ఫలితం ఒక మనిషిది మాత్రమే కాదు.. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కన్నవాళ్ల గురించి కూడా చెబుతుంది. ఇది ఊళ్లో పొక్కితే ఓ ఆడపిల్ల సంబంధం చెడిపోవచ్చు. లక్షణం మాత్రమే ఉన్నవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే బతుకుతారు. కానీ గూడెంలో ఆ తేడా ఎవరు వివరిస్తారు?

పెద్ద సిస్టమ్‌లే తట్టుకోలేదు

డేటా సర్వర్‌లో భద్రంగా ఉంటుందిలే అనుకుందామా? 2022 నవంబర్ 23న ఢిల్లీ ఎయిమ్స్‌పై సైబర్ దాడి జరిగితే రోజుల తరబడి పేపర్ల మీదే పని నడిచింది. 2023 జూన్‌లో టెలిగ్రామ్‌లో ఓ బాట్‌కు ఫోన్ నంబర్ ఇస్తే కొవిడ్ టీకా వేసుకున్నవాళ్ల వివరాలు వస్తున్నాయని కలకలం రేగింది. కొవిన్ పోర్టల్ సేఫ్‌గానే ఉందని కేంద్రం చెప్పింది. పోర్టల్ నుంచి నేరుగా పోకపోయినా, జనం వివరాలు ఎవరి చేతుల్లోనో ఉన్నాయన్న భయం మాత్రం మిగిలింది.

చట్టం ఏమంటోంది?

డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని రూల్స్ 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. ప్రధాన నిబంధనల అమలుకు 18 నెలల గడువు ఇచ్చారు. ఒప్పుకోలు స్వేచ్ఛగా, ఫలానా పనికే అని తెలిసి ఇచ్చినదై ఉండాలని చట్టం చెబుతోంది. ఇవ్వడం ఎంత ఈజీగా ఉందో వెనక్కి తీసుకోవడం కూడా అంతే ఈజీగా ఉండాలి. భద్రత విషయంలో నిర్లక్ష్యం చేస్తే 250 కోట్ల రూపాయల వరకు జరిమానా పడొచ్చు.

వినడానికి బాగుంది. భద్రాచలం నుంచి చూస్తే మాత్రం మూడు చిల్లులు కనిపిస్తాయి.

ఒకటి, భాష. నోటీసును ఇంగ్లిష్‌లో గానీ, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లో గానీ చదువుకునే వీలు ఉండాలి. తెలుగు అందులో ఉంది. కోయ లేదు, గోండి లేదు. పైగా చదవడం రానివాళ్లకు ఏ లిపిలో ఇచ్చినా ఒకటే.

రెండు, పిల్లలు. 18 ఏళ్ల లోపు వారి డేటాకు తల్లిదండ్రుల ఒప్పుకోలు తప్పనిసరి. కానీ ఆస్పత్రులకు, వైద్య సిబ్బందికి పిల్లల వైద్యం వరకు రూల్స్‌లో మినహాయింపు ఉంది. జ్వరంతో వచ్చిన బిడ్డకు వైద్యం ఆగకూడదు కాబట్టి అది అవసరమే. అయితే వైద్యం ఎక్కడ ముగుస్తుంది, సర్వే ఎక్కడ మొదలవుతుంది? 2009లో గొడవంతా ఈ గీత దగ్గరే.

మూడు, ఫోన్. ఇంటికి ఒకే ఫోన్, అదీ సిగ్నల్ ఉంటేనే. కొన్నిచోట్ల పక్కింటి నంబరో, తెలిసినవాళ్ల నంబరో రాయిస్తారు. హాస్టల్ పిల్లల ఓటీపీ వార్డెన్ ఫోన్‌కే వస్తే? 2,763 సంతకాల కథ ఈసారి సర్వర్ లాగ్‌లో రిపీట్ అవుతుంది. తేడా ఏంటంటే కాగితం మీద వార్డెన్ పేరైనా కనిపించింది. ఓటీపీలో ఎవరు చెప్పారో కూడా కనిపించదు.

దీనికి తోడు సరిహద్దు సమస్య. 2014లో పోలవరం కోసం చింతూరు, కూనవరం, వీఆర్ పురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు ఏపీలోకి వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉంది. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయలూ ఈ అడవుల్లోనే ఉంటున్నారు. ఒకే కుటుంబం రికార్డులు మూడు రాష్ట్రాల లెక్కల్లో పడితే, తప్పు సరిచేయమని ఏ ఆఫీసు మెట్లెక్కాలి?

సాఫ్ట్‌వేర్‌లో ఏం మారాలి?

ఇదేమీ రాకెట్ సైన్స్ కాదు. స్క్రీన్ మీద టిక్ పెట్టించే ముందు కోయలో రికార్డు చేసిన ఒక నిమిషం ఆడియో వినిపించవచ్చు. కొత్త మందుల ట్రయల్స్‌లో బలహీన వర్గాల ఒప్పుకోలును వీడియో తీసే నిబంధన 2019 రూల్స్‌లో ఇప్పటికే ఉంది. "వద్దు" అనే బటన్ కూడా "సరే" అంత పెద్దగా ఉండాలి. వద్దన్నంత మాత్రాన మందులు ఆగవని ఏఎన్ఎం నోటితో చెప్పాలి. ఎవరు ఓటీపీ చెప్పారో, వాళ్లకు ఆ బిడ్డ ఏమవుతుందో నమోదు కావాలి. రికార్డు ఎవరు ఎప్పుడు తెరిచారో ఇంటివాళ్లకు తెలియాలి. వైద్యం కోసం తీసుకున్న ఫలితాన్ని పరిశోధనకు వాడాలంటే మళ్లీ అడగాలి.

వీటివల్ల పని స్లో అవుతుంది, రోజువారీ టార్గెట్లు తగ్గుతాయి.. ఫీల్డ్ సిబ్బందిపై ఒత్తిడి ఉంటుందన్నదీ నిజమే. కానీ 2009లో మిగిల్చుకున్న ఆ కొన్ని రోజుల ఖరీదు ఏంటో ఇప్పుడు అందరికీ తెలుసు.

సామాన్యులు కూడా ఓటీపీ చెప్పే ముందు నాలుగు మాటలు అడగొచ్చు. ఇది దేనికి? ఎవరు చూస్తారు? వద్దంటే వైద్యం ఆగుతుందా? తర్వాత తీసేయమంటే తీసేస్తారా? వీటికి సూటిగా జవాబు చెప్పేదాకా ఆ అంకెలు మన దగ్గరే ఉంచుకోవడం మంచిది.