కంటికో గొడుగు

పల్లెటూళ్లో నల్లద్దాలు పెట్టుకునే హక్కు ఇద్దరికే ఉంది. బరాత్‌లో ఊరేగే పెళ్లికొడుకు ఒకరు. కంటి ఆపరేషన్ చేయించుకుని అప్పుడే బస్సు దిగిన తాత ఇంకొకరు. వీళ్లనెవరూ ఏమీ అనరు. మూడోవాడు పెట్టుకుంటేనే రచ్చకట్ట మీద నవ్వులు మొదలవుతాయి. 'ఏందిరా, సినిమాల చాన్సొచ్చిందా?' అంటూ.

ఆ మూడోవాడు చాలాసార్లు పరుగు తీసే కుర్రాడే అయి ఉంటాడు. పోలీసు నోటిఫికేషన్ వస్తోందని వినిపిస్తే చాలు, వికారాబాద్ జిల్లా బొంరాస్‌పేట లాంటి మండలాల్లో రోడ్లకి తెల్లవారకముందే మెలకువ వస్తుంది. 2022 నాటి తెలంగాణ పోలీసు నియామకాల్లో మగవాళ్లు 1600 మీటర్లు, ఆడవాళ్లు 800 మీటర్లు పరుగెత్తి నెగ్గాల్సి వచ్చింది. అగ్నివీర్‌కి వెళ్లేవాళ్లకీ పరుగు తప్పదు. స్టేడియం ఎక్కడో ఉంటుంది. ఊరి రోడ్డే ట్రాకు.

ఇక్కడి రోడ్డుకి ఓ తమాషా ఉంది. పరిగి నుంచి కొడంగల్ వెళ్లే దారి దాదాపు తూర్పు పడమరలుగా సాగుతుంది. పొద్దున పరిగి వైపు పరుగెత్తితే సూర్యుడు ఎదురు. సాయంత్రం కొడంగల్ వైపు తిరిగితే మళ్లీ ఎదురు. పక్కనుంచి లారీ దూసుకుపోతే దుమ్ము, వానాకాలం మునిమాపు వేళయితే పురుగులు. కళ్లు చికిలించుకుని, మొహం బిగపట్టి పరుగెత్తుతుంటే మెడా భుజాలూ కూడా బిగుసుకుంటాయి. పరుగు మీద ఉండాల్సిన ధ్యాస కంటి మీదకి పోతుంది. అందుకే కుర్రాడు జాతర దుకాణంలో ఓ నల్లద్దాల జత కొనుక్కుంటాడు. వంద రూపాయలు పెట్టి బేరం గెలిచానని మురిసిపోతాడు. గెలిచాడా, ఓడాడా అన్నదే అసలు సంగతి.

నలుపులో ఏముంది?

చలువద్దాలు, కూలింగ్ గ్లాసులు... పేర్లు భలే ఉన్నాయిగానీ వాటిలో చలువేమీ లేదు. అవి చేయాల్సిన పనులు రెండు. కనిపించే వెలుగును తగ్గించడం మొదటిది. కనిపించని అతినీలలోహిత కిరణాలను, అంటే యూవీని ఆపడం రెండోది. మొదటి పని అద్దం రంగు చేస్తుంది. రెండో పని అద్దం తయారైన పదార్థమో, దాని మీది పూతో చేస్తుంది. ఈ రెండింటికీ చుట్టరికం లేదు. కారునలుపు అద్దం యూవీని వదిలేయొచ్చు. నీళ్లలా తెల్లగా ఉన్న అద్దం పూర్తిగా ఆపేయొచ్చు.

చిక్కు ఇక్కడే వస్తుంది. వెలుగు తగ్గితే కంటిపాప పెద్దదవుతుంది. చికిలించిన రెప్పలు విచ్చుకుంటాయి. అద్దం యూవీని కూడా ఆపుతుంటే ఫర్వాలేదు. ఆపకపోతే మాత్రం తలుపులు బార్లా తెరిచి దొంగని పిలిచినట్టే. నిజానికి ఇప్పుడు వచ్చే ప్లాస్టిక్ అద్దాలు చాలావరకు ఎంతో కొంత యూవీని ఆపుతాయి. పాలికార్బొనేట్‌కి ఆ గుణం పుట్టుకతోనే ఉంది. కాకపోతే, రోడ్డు పక్కన తాడుకి వేలాడదీసిన జత ఏ పదార్థంతో చేసిందో అమ్మేవాడికీ తెలియదు. వంద రూపాయల అద్దం చెడ్డదని కాదు. దానికి పూచీ పడేవాళ్లు ఎవరూ ఉండరు.

అలాగని అయిదువేలు పోయాల్సిన పనీ లేదు. ధరలో పెద్ద వాటా ఫ్రేముకి, పేరుకి, ప్రకటనలో నవ్వే తారకి పోతుంది. యూవీని ఆపడం ఖరీదైన విద్య కాదు. చరిత్ర చూసినా చలువద్దాలు జనంలోకి వచ్చింది చౌకసరుకుగానే. 1929లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీ సముద్రతీరంలో శామ్ ఫోస్టర్ అనే వ్యాపారి సెల్యులాయిడ్‌తో చేసిన చవక అద్దాలు అమ్మాడు. అక్కణ్నుంచే అవి సామాన్యుడి ముక్కెక్కాయి. ఆటల కోసమే చేసిన అద్దాల మోజు 1980లలో బాగా పెరిగింది. ఓక్లీ కంపెనీ 1984లో తెచ్చిన పెద్దపెద్ద అద్దాలను గ్రెగ్ లెమాండ్ లాంటి సైకిల్ వీరులు పెట్టుకోవడంతో ముఖానికి చుట్టుకునే ఆకారం ఆటగాళ్ల గుర్తయింది. ఇప్పుడు అదే ఆకారంలో, యూవీ పూచీతో, క్రీడా వస్తువుల దుకాణాల్లో వెయ్యి రూపాయల లోపే దొరుకుతున్నాయి.

ఎండ ఎప్పుడు కంట్లో పడుతుంది?

బొంరాస్‌పేట భూమధ్యరేఖకి ఉత్తరాన 17 డిగ్రీల దగ్గర ఉంది. ఏడాదికి రెండుసార్లు, మే నెలలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి, మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. నిలబెట్టిన కర్రకి నీడ ఉండదు. ఎండాకాలం మధ్యాహ్నం ఈ ప్రాంతంలో యూవీ సూచీ 11 దాటడం మామూలే. 3 నుంచే జాగ్రత్త పడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది.

చర్మానికి మధ్యాహ్నం గండమైతే, కంటికి గండం వేరే వేళల్లో. సూర్యుడు నెత్తిన ఉన్నప్పుడు కనుబొమల ఎముక చూరులా అడ్డుపడుతుంది. పొద్దు ఏటవాలుగా ఉన్నప్పుడు ఆ చూరు కిందనుంచి ఎండ తిన్నగా కంట్లోకి వస్తుంది. ఎండాకాలంలో కంటిమీద పడే యూవీ ఉదయం ఎనిమిది నుంచి పది వరకు, మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు వరకు ఎక్కువగా ఉంటోందని జపాన్‌లోని కనజవా వైద్య విశ్వవిద్యాలయం పరిశోధకులు బొమ్మ తలలకి కొలతయంత్రాలు అమర్చి తేల్చారు.

దీన్నిబట్టి కుర్రాళ్ల లెక్క తేలిపోతుంది. అయిదున్నరకి మొదలెట్టి ఏడు లోపు ఇంటికి చేరేవాడికి యూవీ భయం పెద్దగా లేదు. దుమ్ముకీ పురుగులకీ అడ్డం కావాలనుకుంటే తెల్లద్దాలు చాలు. ఎనిమిది దాటాక పరుగెత్తేవాళ్లకీ, సాయంత్రం నాలుక్కే మైదానంలో దిగేవాళ్లకీ చలువద్దాలు అవసరం. ఇక రోజంతా పొలంలో ఉండేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

పరుగుకి ఏం కావాలి?

మొదట చూడాల్సింది 'యూవీ 400' అన్న ముద్ర. 400 నానోమీటర్ల దాకా ఉన్న కిరణాలన్నింటినీ ఆపుతుందని దానర్థం. రెండోది కేటగిరీ అంకె. అద్దాల కాడ లోపలివైపో, డబ్బా మీదో 0 నుంచి 4 వరకు ఒక అంకె ఉంటుంది. 3 అంటే నూటికి 8 నుంచి 18 పాళ్ల వెలుగునే లోపలికి వదులుతుంది. మన ఎండకి అది సరిపోతుంది. 4 మరీ చీకటి. మంచు పర్వతాలెక్కేవాళ్లకి అది కావాలి. నిజామాబాద్ జిల్లా బిడ్డ మలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్టు ఎక్కింది. అలాంటి చోట తాజా మంచు మీద పడిన యూవీలో నూటికి ఎనభై పాళ్లు తిరిగి కంటికే కొడుతుంది. మన రోడ్ల మీద 4వ కేటగిరీ అద్దాలతో బండి నడపకూడదు. రాత్రిపూట ఏ రంగద్దమూ పనికిరాదు.

మూడోది పట్టు. పరుగుకి పనికొచ్చే జత ఇరవై ముప్పై గ్రాములకి మించదు. ముక్కు దగ్గరా చెవుల మీదా రబ్బరు ఉంటే చెమట పట్టినా జారదు. పక్కలనుంచి ఎండ రాకుండా ముఖానికి కొద్దిగా చుట్టుకోవాలి. మరీ అతుక్కుపోతే ఊపిరి ఆవిరికి మసక కమ్ముతుంది. కనురెప్పల వెంట్రుకలు తగలకూడదు.

'పోలరైజ్‌డ్' అంటూ దుకాణదారు మరో మూడొందలు అడుగుతాడు. నీళ్ల మీద, తారు మీద మెరిసే వెలుగును అది బాగా తగ్గిస్తుంది. చేపలు పట్టేవారికి, బండి నడిపేవారికి హాయి. పరుగుకి తప్పనిసరేం కాదు. పైగా కొన్ని ఫోన్ల తెరలు, వాచీల తెరలు ఆ అద్దాల్లోంచి నల్లగా కనిపిస్తాయి. రంగు విషయానికొస్తే, బూడిదరంగు అద్దం ఉన్నదున్నట్టు చూపిస్తుంది. గోధుమరంగుది రోడ్డు మీది గుంతల్ని తేటగా చూపిస్తుంది. అద్దంలాగా మెరిసే నీలం, ఎరుపు పూతలు ఎక్కువగా సోకు కోసమే.

కొట్లో మూడు పరీక్షలు

ముద్ర ఎవరైనా వేయొచ్చు కదా అన్న అనుమానం న్యాయమైనదే. తాండూరు, పరిగి, వికారాబాద్ లాంటి పట్టణాల్లో కళ్లజోళ్ల దుకాణానికి వెళ్లి యూవీ కొలిచే చిన్న యంత్రం ఉందేమో అడగాలి. ఉంటే నిమిషం పని. లేకపోతే దొంగనోట్లు కనిపెట్టే నీలికాంతి దీపం పనికొస్తుంది. ఆ దీపం కింద నోటు మీది అంకెలు మెరుస్తాయి. దీపానికీ నోటుకీ మధ్య అద్దం అడ్డం పెడితే మెరుపు పోవాలి. పోలేదంటే ఆ జతను అక్కడే వదిలేయడం మంచిది. ఇది మోటు పరీక్షే, యంత్రానికి సాటి రాదు.

రెండో పరీక్ష, అద్దాన్ని చేయి చాచి పట్టుకుని దాంట్లోంచి తలుపు చట్రాన్నో, కరెంటు స్తంభాన్నో చూస్తూ మెల్లగా కదపడం. గీత వంకర తిరిగితే అద్దం సరిగా పోయలేదన్నమాట. అలాంటిది పెట్టుకుని పరుగెత్తితే తలనొప్పి ఖాయం. మూడోది, అద్దాలు పెట్టుకుని తల కిందికి వంచి నాలుగు గెంతులు గెంతడం. దుకాణంలో నవ్వుతారు. నవ్వితే నవ్వనీ. అక్కడ జారింది రోడ్డు మీద నిలవదు.

కొన్నాక చొక్కా అంచుతో తుడవడం మానాలి. దుమ్ముతో రుద్దితే గీతలు పడతాయి. ముందు నీళ్లతో కడిగి, తర్వాత మెత్తటి బట్టతో అద్దాలి. ఎండలో బండి మీద వదిలేయకూడదు. ఇక రంగురంగుల బొమ్మ అద్దాలు పిల్లలకి ఇవ్వకపోవడమే మేలు. పెద్దల కంటే పిల్లల కంటిలోపలికి యూవీ ఎక్కువగా వెళుతుంది.

రాయి కొట్టే చోట

పరుగు కుర్రాడైనా రోజుకి గంటే ఎండలో ఉంటాడు. అతని తండ్రి కందిచేలో పొద్దంతా ఉంటాడు. తాండూరు చుట్టూ నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్ల కింద బండ, పైన ఎండ. లేతరంగు రాయి వెలుగును తిరిగి ముఖం మీదకే కొడుతుంది. దానికి తోడు రాతిపొడి.

ఏళ్ల తరబడి ఎండా దుమ్మూ తిన్న కంటిలో ఒక మార్పు వస్తుంది. ముక్కువైపు తెల్లగుడ్డు మీద చిన్న కండ మొలిచి, త్రికోణంలా నల్లగుడ్డు వైపు పాకుతుంది. డాక్టర్లు దాన్ని టెరీజియం అంటారు. నల్లగుడ్డు మీదకి వచ్చేస్తే చూపు మసకబారుతుంది. తీసేసినా కొందరిలో మళ్లీ మొలుస్తుంది. హైదరాబాద్‌లోని ఎల్.వి.ప్రసాద్ కంటి ఆస్పత్రి 1996 నుంచి 2000 వరకు ఉమ్మడి రాష్ట్రంలో పదివేల మందికి పైగా కళ్లు పరీక్షించింది. ఎంచుకున్న నాలుగు ప్రాంతాల్లో మహబూబ్‌నగర్ జిల్లా ఒకటి. 2016లో వికారాబాద్ జిల్లా ఏర్పడేదాకా బొంరాస్‌పేట ఆ జిల్లాలోదే. ముప్పై ఏళ్లు పైబడినవారిలో నూటికి 11 మందికి పైగా ఈ కండ ఉన్నట్టు ఆ లెక్కల్లో తేలింది. ఆరుబయట పనిచేసేవాళ్లకే ఎక్కువని కూడా తేలింది. శుక్లాల్లో కొన్ని రకాలకీ యూవీ కారణమవుతుంది.

తెలంగాణలో 2018లో ఒకసారి, 2023లో మరోసారి 'కంటి వెలుగు' శిబిరాలు పెట్టి చూపు తగ్గినవారికి అద్దాలిచ్చారు. చూపు తగ్గకముందు పెట్టుకోవాల్సిన అద్దాల గురించి మాత్రం ఊళ్లో ఎవరూ మాట్లాడుకోరు. ఎండలో పనిచేసేవాళ్లకి ముందు కావాల్సింది అంచున్న టోపీ. వెడల్పాటి అంచు కంటి మీద పడే యూవీని సగం దాకా తగ్గించగలదు. తలగుడ్డకి ఆ అంచు లేదు. టోపీకి తోడు యూవీ ముద్ర ఉన్న అద్దాలు ఉంటే కంటికి పూర్తి కాపలా. రాయి పగలగొట్టేవాళ్లకి మాత్రం చలువద్దాలు సరిపోవు. ఎగిరే పెంకుని ఆపడానికి నాలుగువైపులా మూసిన రక్షణ అద్దాలు వేరే ఉన్నాయి. అవే కావాలి.

పరుగు కుర్రాడికి చివరికి ఉద్యోగమే వస్తుందో, కందిచేనే దక్కుతుందో ఎవరూ చెప్పలేరు. రెంటికీ కళ్లు కావాలి. అతను ఈసారి పట్నం వెళ్లినప్పుడు చూసి, అడిగి, గెంతి, రెండు జతలు కొంటే బాగుంటుంది. ఒకటి తనకి, రెండోది నాన్నకి. రచ్చకట్ట నాలుగు రోజులు నవ్వుతుంది. వాన పడుతుంటే గొడుగేసుకున్నవాణ్ని చూసి మాత్రం ఎవరూ నవ్వరు కదా!