కొడవలి మీద పేరుండదు

పోయిన నెల డబ్లిన్ టీమ్‌తో కాల్. డిప్లాయ్‌మెంట్ అవడానికి ఇంకా ఇరవై నిముషాలుంది, కబుర్లలో పడ్డాం. అక్కడి కొలీగ్ వెనక గోడకి ఆనుకుని నిలువెత్తు పాత గడియారం ఒకటి కనిపిస్తోంది. "బాగుందే, ఎక్కడ కొన్నావ్?" అన్నాను. కొనలేదట. డయల్ మీద చేసినవాడి పేరు, ఊరు రాసున్నాయట. ఆ పేరు పట్టుకుని పాత పేపర్లలో ప్రకటనలు, చర్చి రిజిస్టర్లు, పని నేర్చుకున్న కుర్రాళ్ల జాబితాలు అన్నీ తిరగేసి, ఆ గడియారం చేసినాయన తన ముత్తాతకి తాత అని తేల్చాడు.

చివర్లో క్యాజువల్‌గా అడిగాడు: "మీ తాత ఏం చేసేవారు?"

"ఇనప పని. కొడవళ్లు, గొడ్డళ్లు చేసేవాడు."

"వాటి మీద ఆయన పేరుంటుందా?"

నవ్వేశాను. కాల్ కట్ చేశాక మాత్రం నవ్వు రాలేదు.

మేం కొండ కమ్మర్లం. కొన్ని చోట్ల ఓజులంటారు. మా ఊరు అరకు దగ్గర. కొలిమి, తిత్తి, దాగలి, సుత్తి... తాత ఆఫీసు అంతే. లారీ కమాను పట్టీలు కొనుక్కొచ్చి, కాల్చి, సాగ్గొట్టి నాగలి కర్రులు, కత్తులు చేసేవాడు. తమాషా ఏంటంటే, బైలడిల్లా ఇనప ఖనిజంతో గూడ్సు బళ్లు కొత్తవలస–కిరండోల్ లైను మీద మా కళ్ల ముందే విశాఖకి దిగుతుంటాయి. తాత మాత్రం సంతలో పాత పట్టీ ముక్క కోసం బేరమాడేవాడు.

సరే, నేనూ వెతుకుదాం అనుకున్నా. ఇంజనీరుని కదా, డేటా ఎక్కడో ఉండే ఉంటుందని ధైర్యం.

ముందు ఐర్లండ్ సంగతి చూశా. వాళ్లకీ అంత సులువేం కాదు. అంతర్యుద్ధంలో 1922 జూన్ 30న డబ్లిన్‌లోని ఫోర్ కోర్ట్స్ దగ్గర పబ్లిక్ రికార్డ్ ఆఫీసు పేలి తగలబడింది. వందల ఏళ్ల కాగితాలు బూడిదయ్యాయి. అయినా 1901, 1911 జనాభా లెక్కలు మిగిలాయి. పేరు, వయసు, వృత్తితో సహా ఎవరైనా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. మన దగ్గర 1948 సెన్సస్ చట్టం ప్రకారం ఇంటింటి వివరాలు ఎవరికీ చూపించరు. థర్‌స్టన్ దొర 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు వేశాడు. అందులో తెగల గురించి పేజీలకి పేజీలున్నాయి. తాతల పేర్లు వెతుక్కోడానికి మాత్రం అది పనికిరాదు.

పోనీ ఇంటిపేరుతో వెతుకుదామా? ఇక్కడ ఇంకో చిక్కు. మన్యంలో ఇంటిపేరంటే గోత్రం. కొర్ర అంటే సూర్యుడు, కిల్లో అంటే పులి, పాంగి అంటే గద్ద, వంతల అంటే పాము. ఒకే ఇంటిపేరు వేర్వేరు తెగల్లో, వందల ఊళ్లలో ఉంటుంది. మా భాషలో చెప్పాలంటే అది ప్రైమరీ కీ కాదు. సెర్చ్ కొడితే పులి దొరుకుతుంది, తాత దొరకడు.

అసలు పేరు ఇంకా అన్యాయం. మా వైపు పాతతరం వాళ్లకి పుట్టిన వారాన్ని బట్టి పేరు పెట్టేవాళ్లు. తాత పేరులో శుక్రవారం ఉంది. అంటే ఆయన ఏ వారం పుట్టాడో ఖాయంగా తెలుసు. ఏ సంవత్సరమో ఎవరికీ తెలీదు!

ఇదంతా ఏదో హాబీ అనుకోకండి. ఇంజనీరింగ్ సీటప్పుడు నా కులం సర్టిఫికెట్ దగ్గర ఒక ఆఫీసులో ఆగిపోయింది. కమ్మర అని ఎస్టీ జాబితాలో ఉంది, మైదానంలో కమ్మరి అని బీసీల్లో ఉంది. "మీరు కింద నుంచి వచ్చినవాళ్లు కాదని ఏంటి గ్యారంటీ? ఈ ఊరికి ముందు ఏ ఊరు?" అనడిగారు. నాన్న దగ్గర జవాబు లేదు. ఇద్దరు పెద్దమనుషులు వచ్చి మాట చెబితే గానీ పని జరగలేదు. ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. రేపు నా పిల్లల్ని ఇదే ప్రశ్న అడిగితే?

అందుకే మొన్న సెలవుకి ఇంటికెళ్లి, నాన్నమ్మ ముందు ఫోన్ రికార్డింగ్ పెట్టి కూర్చున్నా. ఆమెకి ఎనభై దాటాయి. సగం తెలుగు, సగం ఆదివాసీ ఒడియా. "ఏ సంవత్సరం?" అని అడిగితే విసుక్కుంది. "అప్పుడు ఏం జరిగింది?" అని అడిగితే ఇక ఆగలేదు.

"రైలు లైనుకి కొండలు పేల్చినప్పుడు మీ పెద్దనాన్న నా కడుపులో ఉన్నాడ్రా." అంటే 1960లు. "రామరాజు పితూరీ కబుర్లు వచ్చినప్పుడు మా మావ మేకలు కాసే పిల్లోడంట." అంటే 1922–24. నేను పక్కన సంవత్సరాలు రాసుకుంటూ పోయా.

పెళ్లిళ్ల దగ్గరికొచ్చేసరికి నేను పెన్ను పక్కన పెట్టేశా. ఒకే గోత్రంలో పెళ్లి చేసుకోకూడదు కదా, అందుకని ఎవరి కూతురు ఏ ఊరు వెళ్లింది, ఎవరి మేనత్త ఎక్కడినుంచి వచ్చింది, మొత్తం ఆమెకి కంఠతా వచ్చు. ఆఫీసు రిజిస్టర్లలో లేనిదంతా ఆమె దగ్గరుంది.

అప్పుడే బయటపడింది అసలు సంగతి. మా కొలిమి మొదట ఈ ఊళ్లో లేదట. మాచ్‌ఖండ్ ప్రాజెక్టు కోసం జోలాపుట్ దగ్గర డ్యామ్ కట్టినప్పుడు మా ఊరు మునిగింది. ముత్తాత దాగలి భుజాన వేసుకుని ఇటు నడిచొచ్చాడు. అక్కడ కరెంటు ఉత్పత్తి మొదలైంది 1955లో, కాబట్టి అంతకు ముందే. "ఈ ఊరికి ముందు ఏ ఊరు?" అన్నదానికి జవాబు ఇది. డబ్లిన్ వాళ్ల కాగితాలు నిప్పుల్లో పోతే, మా చిరునామా నీళ్లలో పోయింది.

ఒక ఉపయోగపడే ముక్క. అటవీ హక్కుల చట్టం నిబంధనల్లో పెద్దల మాటని రాతపూర్వకంగా తీసుకుంటే అదీ ఒక సాక్ష్యమే. వంశవృక్షం కూడా పాత రికార్డుల్లో ఉన్నవాళ్లతోనో, ఊరివాళ్లుగా గుర్తింపు ఉన్నవాళ్లతోనో కలిస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. పాత బావులు, శ్మశానాలు కూడా లెక్కలోకి వస్తాయి. ఒక్కటి సరిపోదు, ఒకటికన్నా ఎక్కువ చూపించాలి. పోడు భూమి పట్టా కోసం తిరుగుతున్న ఇంట్లో ఉంటే ఈ మాట చెప్పండి. చెప్పే పెద్దలు ఉన్నప్పుడే రాయించుకోండి.

బయల్దేరే ముందు చూరులోంచి మూడు పాత కొడవళ్లు తీసి నాన్నమ్మ ముందు పెట్టా. "ఇందులో తాతది ఏది?" రెండు సెకన్లు కూడా పట్టలేదు. మధ్యదాని మీద వేలు పెట్టింది. "వంపు చూడు. మీ తాత తప్ప ఇలా ఎవరు తిప్పుతారు?"

పేరు లేదు. గుర్తుపట్టే మనిషి మాత్రం ఉంది, ఇంకా ఒక్కరే.

ఈ ఆదివారం ఊరికి ఫోన్ చేసినప్పుడు "తిన్నావా?" దగ్గరే ఆగిపోకండి. "మనం ఈ ఊరు ఎప్పుడొచ్చాం?" అని కూడా అడగండి. రికార్డింగ్ ఆన్ చేయడం మర్చిపోకండి.