లాప్‌టాప్ వెంట, నకలు ఇంట



రాజోలు ప్రాంతం నుండి ఒక తల్లి ఉత్తరం వ్రాశారు. కుమారుడు కువైట్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. సెలవుకు వచ్చి వెళ్లేటప్పుడు లాప్‌టాప్ కూడా తీసుకొనిపోతాడు. పెండ్లి ఫోటోలు, సర్టిఫికెట్లు, ఇంటి దస్తావేజుల స్కాన్‌లు, తండ్రి చివరి రోజుల వీడియో, అన్నీ అందులోనే ఉన్నాయట. "దారిలో అది పోతే ఏమిటి గతి? వాడు అక్కడ ఉండగానే నకలు ఇక్కడికి చేరే మార్గం ఉందా?" అని ఆమె అడిగారు.

ఉందమ్మా. కాని ముందు నా సంగతి చెప్పనివ్వండి.

కొన్ని సంవత్సరాల క్రితం మా అమ్మాయి పురుటికని పాలకొల్లులో రాత్రి రైలెక్కి హైదరాబాదు బయలుదేరాను. లాప్‌టాప్ సంచి బెర్తు క్రింద పెట్టుకొన్నాను. తెల్లవారి చూస్తే సంచి లేదు. అందులో ముఖ్యమైనవి రెండు. ఒకటి, చెదలు తిన్న మా సంఘపు పాత వివాహాల రిజిస్టరు. నాలుగు నెలలు కూర్చుండి టైపు చేశాను. రెండవది, మా అమ్మ పాడిన పాటలు, చేసిన ప్రార్థన. అమ్మ ప్రభువునందు నిద్రించి అప్పటికి మూడు నెలలు.

రిజిస్టరు దక్కింది. పేర్లలో తప్పులు చూడమని మా అబ్బాయికి ఈమెయిలులో పంపియుంటిని. నకలు ఉంచుకోవాలనే తెలివితో చేసిన పని కాదది. అమ్మ గొంతు మాత్రం పోయింది. ఫోనులో చోటు చాలడం లేదని లాప్‌టాప్‌లోకి మార్చి, ఫోనులోనిది నా చేతితోనే చెరిపివేశాను. యెహోయాకీము రాజు గ్రంథపు చుట్టను కోసి కుంపటిలో వేస్తే యిర్మీయా తిరిగి చెప్పాడు, బారూకు తిరిగి వ్రాశాడు. రిజిస్టరైతే నేనూ మళ్లీ టైపు చేసేదాన్నే. అమ్మ గొంతును ఎవరు తిరిగి చెప్పి వ్రాయిస్తారు?

నకలు వేరేచోట ఉండాలనే ఆలోచన క్రొత్తదేమీ కాదు. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టంలోనే పెండ్లి వివరాలు రిజిస్టరులో ఒకసారి, దానికి జతగా ఉండే సర్టిఫికెట్టులో ఇంకొకసారి వ్రాసి, ఆ సర్టిఫికెట్టును విడదీసి రిజిస్ట్రారుకు పంపాలని ఉన్నది. గుడిలో పుస్తకం తడిసినా ఇంకొకచోట ఆధారం నిలుస్తుంది. తడవడమంటే ఏమిటో మన కోనసీమకు వేరుగా చెప్పాలా? 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు 6 తుఫాను, 2022 జూలైలో లంకలను ముంచిన వరద. ట్రంకు పెట్టెలో దాచినవన్నీ ముద్దయిపోయిన ఇండ్లు ఎన్నో! అందుచేత ఇంటిలో ఒక నకలు, ఇంటికి దూరంగా ఒక నకలు ఉండాలి. లాప్‌టాప్‌లోనిది అసలు అనుకోండి. మొత్తం మూడు.

ఇక మార్గం. గూగుల్ డ్రైవ్, వన్‌డ్రైవ్ వంటివాటిలో మనం చూపించిన ఫోల్డరును ఇంటర్నెట్టు ద్వారా వారి కంప్యూటర్లలో దాచుకోవచ్చు. ఉచితంగా గూగుల్‌లో 15 జి.బి., వన్‌డ్రైవ్‌లో 5 జి.బి. చోటు ఇస్తారు. గూగుల్ 15లో మీ ఈమెయిళ్లు, ఫోటోలు కూడా కలిసే ఉంటాయి. ఇంటి దగ్గర ఒక కంప్యూటరు ఉంటే అదే ఖాతా అందులోనూ తెరవండి. అబ్బాయి కువైట్‌లో దాచినది రాజోలులో దిగుతుంది. అయితే ఫైళ్లు ఎప్పుడూ ఈ కంప్యూటరులోనే ఉండాలనే ఏర్పాటు ఎంచుకోవాలి. లేకపోతే పేర్లు మాత్రం కనబడతాయి, అసలు ఫైలు ఇంటికి దిగి ఉండదు.

మొదటి నకలు ప్రయాణంలో పెట్టుకోవద్దు. లెక్క చూడండి. పంపే వేగం సెకనుకు 2 మెగాబిట్లయితే ఒక్క జి.బి. వెళ్లడానికి గంట దాటుతుంది. 40 జి.బి. ఫోటోలకు రెండు రోజులకు దగ్గర. కనుక బయలుదేరే ముందే ఇంటిలో బ్రాడ్‌బ్యాండు మీద ఒకసారి పూర్తిగా పంపించి, హార్డ్‌డిస్కులోకి కూడా ఎక్కించి, ఆ డిస్కును బీరువాలో పెట్టాలి. ఆ తర్వాత దారిలో వెళ్లేవి క్రొత్తవి, మారినవి మాత్రమే. వాటికి ఫోను హాట్‌స్పాట్ చాలును. హాట్‌స్పాట్‌ను పరిమిత డేటా కనెక్షనని గుర్తించితే వన్‌డ్రైవ్ తనంతట తానే ఆగిపోతుంది. వెళ్తోందనే అనుకొని మనం నిద్రపోతాము. మూత వేసినా అంతే, లాప్‌టాప్ నిద్రలోకి పోతుంది, పని ఆగుతుంది. చార్జరు పెట్టి, మూత తెరిచి, నిద్రపోయే సమయం సెట్టింగులలో తీసివేయండి.

గల్ఫ్‌కు వెళ్లేవారికి అన్నిటికంటె పెద్ద చిక్కు ఓ.టి.పి. లాప్‌టాప్ పోయి వేరే కంప్యూటరులో ఖాతా తెరవబోతే, అంకె మన ఇండియా నంబరుకు వస్తుంది. ఆ సిమ్ము అక్కడ పనిచేయక మూలపడి ఉంటుంది. నకలు భద్రంగానే ఉన్నా తలుపు తెరుచుకోదు. గూగుల్ ఇందుకోసమే పది బ్యాకప్ కోడ్‌లు ఇస్తుంది. ఒక్కొక్కటి ఒకసారే పనిచేస్తుంది. బయలుదేరకముందే వాటిని కాగితం మీద వ్రాసి, ఒక కాగితం పర్సులో, ఒకటి అమ్మ దగ్గర ఉంచాలి. సంచిలో లాప్‌టాప్ ప్రక్కనే పెట్టుకొంటే దొంగకు వరమిచ్చినట్లే!

ఇంకొక మాట. ఇలా జతపరచిన ఫోల్డరులో ఇక్కడ ఎవరైనా పొరపాటున ఒక ఫైలు తీసివేస్తే అక్కడా పోతుంది. గూగుల్ డ్రైవ్ చెత్తబుట్టలో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత లేదు. మనవలు కంప్యూటరు ముట్టుకొనే ఇండ్లలో బీరువాలోని హార్డ్‌డిస్కు విలువ అప్పుడు తెలుస్తుంది. రెండు సంవత్సరాలు ఎవరూ తెరవని ఖాతాను గూగుల్ తొలగించవచ్చును కూడా.

ఇంటర్నెట్టు ఎల్లప్పుడూ ఉంటుందనీ అనుకోలేము. 2022 మే 24న అమలాపురంలో అల్లర్లు జరిగాక జిల్లాలో ఇంటర్నెట్టు నిలిపివేశారు. ఇంటినుండి పనిచేసే మన పిల్లలు లాప్‌టాప్‌లు పట్టుకొని సిగ్నలు దొరికే గోదావరి గట్లకు, పొరుగు ఊళ్లకు వెళ్లారు. అటువంటి రోజులలో కువైట్‌లో ఎంత దాచినా ఇక్కడికి దిగదు.

ఉత్తరం వ్రాసిన తల్లికి నేను చెప్పేది, అబ్బాయి విమానమెక్కకముందు ఒక సాయంత్రం అతన్ని కూర్చోబెట్టుకొని, తండ్రిగారి వీడియోను ఆ నకలులో నుండి తెరిచి చూపించమనండి. పేరు కనబడితే చాలదు, బొమ్మ కదలాలి, మాట వినబడాలి. మొదట దాచవలసినది కూడా అదే. సర్టిఫికెట్లు ఆఫీసుల చుట్టూ తిరిగితే మళ్లీ వస్తాయి.

మా అమ్మ గొంతు ఎవరి ఫోనులోనైనా మిగిలిందేమోనని బంధువులందరినీ అడుగుతూనే ఉన్నాను. మొన్న కొత్తపేటలో మా పిన్ని బీరువా అడుగునుండి ఒక పాత బటన్ల ఫోను తీసి ఇచ్చింది. ఒకప్పుడు అమ్మ పాటను అందులో పట్టిందట. దానికి సరిపోయే చార్జరు అమలాపురంలో వెదకాలి.